సిట్రస్ వేరుమూలాలు కటింగ్స్ నుంచి పెంచడం: రూటింగ్ హార్మోన్ దగ్గర్నుంచి అంటుకి రెడీ అయ్యేదాకా

నిమ్మ, బత్తాయి, కమలా ఏ అంటు మొక్క కొన్నా పైన ఒక రకం, కింద వేరు ఇంకో రకం ఉంటుందని చాలామందికి తెలుసు. ఆ కింది రకాన్ని, అంటే వేరుమూలాన్ని, మామూలుగా గింజల నుంచే పెంచుతారు. ఎందుకంటే సిట్రస్ లో ఒక సౌకర్యం ఉంది, ఒక్క గింజ వేస్తే రెండు మూడు మొలకలు లేస్తాయి, వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో సంబంధం లేకుండా తల్లిచెట్టు కణజాలంలోంచే పుట్టినవి, కాబట్టి గింజ మొక్కే అయినా అచ్చం తల్లిలాగే ఉంటుంది. కారిజో సిట్రేంజ్, స్వింగిల్ సిట్రుమెలో, జంబేరి, రంగపూర్, క్లియోపాత్రా అనే వేరుమూలాలన్నీ ఈ బాపతే. మరి అంత సులువుగా గింజతో అయ్యే పనికి కటింగ్స్ ఎందుకు అంటే, మూడు సందర్భాల్లో కావాలి. ఒకటి, కొత్త హైబ్రిడ్ వేరుమూలాలకి గింజ సరిపడా దొరకదు, 2010 లో విడుదలైన యూఎస్-942 కి ఇదే జరిగింది, డిమాండ్ పెరిగేసరికి గింజ చాలక నర్సరీలు కటింగ్స్, టిష్యూ కల్చర్ వైపు వెళ్ళాయి. రెండు, కొన్ని రకాల్లో గింజ మొక్కల్లో తేడా మొక్కలు బాగా వస్తాయి, పొట్టి చెట్లకి వాడే ఫ్లయింగ్ డ్రాగన్ దీనికి పేరు మోసింది, వంకర ముళ్ళు లేని మొక్కలన్నీ ఏరి పారెయ్యాలి. మూడోది, మీ దగ్గర ఉన్నది ఒక్క చెట్టే, అది ఇంకా కాపుకే రాలేదు, గింజ ఎక్కడ్నుంచి వస్తుంది.

కటింగ్స్ అనగానే అందరూ ముందు అడిగేది ఏ పౌడర్ వాడాలి, ఎన్ని పీపీఎం (లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల హార్మోన్) అని. చెప్తా, లెక్కలతో సహా చెప్తా, కానీ నా అభిప్రాయంలో సిట్రస్ కటింగ్ బతికేది ఆకు మీద. వేరు వచ్చేదాకా ఆకు రాలకుండా నిలబెట్టగలిగితే తక్కువ హార్మోన్ తో కూడా వేరు వస్తుంది, ఆకు రాలిపోయిన పుల్లకి ఎంత ఖరీదైన హార్మోన్ పూసినా కట్టెపుల్లే. సిట్రస్ ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు, ద్రాక్ష లాగా కాండంలో బోలెడు పిండిపదార్థం దాచుకుని ఆకు లేకుండా వేరు పెట్టే అలవాటు దీనికి లేదు, వేరుకి కావాల్సిన తిండి అంతా ఆ రెండు మూడు ఆకులే వండి కిందికి పంపాలి, చెట్టు సొంతంగా తయారు చేస్కునే ఆక్సిన్, అంటే వేరు పెట్టించే హార్మోన్ కూడా చిగుళ్ళు, ఆకుల నుంచే కిందికి దిగుతుంది. కింద చెప్పే స్టెప్పుల్లో సగం ఆ ఆకుని కాపాడటానికే అని గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు రకం చూస్కోండి

అన్ని వేరుమూలాలూ ఒకేలా వేరు పెట్టవు. దబ్బ జాతి రక్తం ఉన్నవి, అంటే నిమ్మలు, జంబేరి, రంగపూర్, వోల్కమేరియానా, మాక్రోఫిల్లా ఇవి చాలా ఈజీ, మొదటిసారి చేసేవాళ్ళు వీటితోనే మొదలుపెట్టడం మంచిది. ట్రైఫోలియేట్ (మూడాకుల నారింజ), దాని సంకరాలైన కారిజో, స్వింగిల్, యూఎస్-942 లాంటివి మధ్యరకం, పద్ధతిగా చేస్తే బాగానే వస్తాయి. పుల్ల నారింజ, క్లియోపాత్రా లాంటి కమలా జాతులు మొండివి, నెలలు పడుతుంది, కొన్ని ఊరికే ఉండి ఉండి చచ్చిపోతాయి. మీ రకం ఏ గుంపులోదో తెలీకపోతే దాని తల్లిదండ్రులు ఎవరో చూడండి, ఉదాహరణకి కారిజో అనేది వాషింగ్టన్ నేవల్ కి ట్రైఫోలియేట్ కి పుట్టింది, స్వింగిల్ ఏమో డంకన్ గ్రేప్‌ఫ్రూట్ కి ట్రైఫోలియేట్ కి పుట్టింది, కాబట్టి రెండూ మధ్యరకంలోకి వస్తాయి.

తల్లిచెట్టు ఆరోగ్యం: ఇక్కడ అజాగ్రత్త పడితే మిగతాదంతా వేస్ట్

గింజకి, కటింగ్ కి ఉన్న పెద్ద తేడా దీంట్లోనే ఉంది. సిట్రస్ లో పెద్ద జబ్బులు, ట్రిస్టెజా, ఎక్సోకార్టిస్, గ్రీనింగ్ ఇవి గింజ ద్వారా దాదాపుగా దాటవు, గింజ ఒక జల్లెడలాగా పనిచేస్తుంది. కటింగ్ కి ఆ జల్లెడ లేదు, తల్లిలో ఏముంటే అది పిల్లలన్నిటికీ వెళ్తుంది, ఆ తర్వాత దాని మీద అంటు కట్టిన ప్రతి రకానికీ వెళ్తుంది.

ముసలి చెట్టు అంటు కింద నుంచి లేచే పిలకలు కోసుకుని కటింగ్స్ పెడితే పోలా అనే ఐడియా అందరికీ వస్తుంది. నిజానికి ఆ పిలకలు వేరుమూలానివే, ఏపుగా ఉంటాయి, ముళ్ళు ముళ్ళుగా లేత దశలో ఉంటాయి కాబట్టి వేరు కూడా బాగా పెడతాయి. కానీ ఆ చెట్టు ఎన్నేళ్ళ నుంచి ఎన్ని పురుగులకి, ఎన్ని కత్తులకి దొరికిందో ఎవరికి తెలుసు. ఆకుల్లో ఒకవైపు ఒకలా ఇంకోవైపు ఇంకోలా మచ్చల మచ్చల పసుపు, వంకర కాయలు, బెరడు పెచ్చులూడటం ఇలాంటివి కనిపిస్తే ఆ చెట్టు జోలికి వెళ్ళకండి. కనిపించకపోయినా లోపల ఉండొచ్చు, అందుకే కుదిరితే టెస్ట్ చేసిన, ధృవీకరించిన మొక్క నుంచే తీస్కోండి. చాలా దేశాల్లో సిట్రస్ కొమ్మల్ని ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి తీస్కెళ్ళడం మీద ఆంక్షలున్నాయి, కొన్ని వేరుమూలాలకి పేటెంట్లు కూడా ఉన్నాయి, అది ముందే కనుక్కోండి.

కత్తెర సంగతి. ఎక్సోకార్టిస్ అనేది వైరస్ కన్నా చిన్నది, వైరాయిడ్, ఇది కత్తెర మీద అంటుకుని చెట్టు నుంచి చెట్టుకి పోతుంది, స్పిరిట్ తో తుడిచినా, బ్లేడుని మంటలో పెట్టినా దీన్ని నమ్మకంగా చంపలేం. బ్లీచ్ వాడాలి, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న మామూలు బ్లీచ్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి చెట్టు చెట్టుకీ కత్తెర ముంచండి. బ్లీచ్ ఇనుమునీ తినేస్తుంది కాబట్టి పని అయ్యాక కడిగి తుడిచి కాస్త నూనె రాయండి. ట్రైఫోలియేట్ రకాలకి, రంగపూర్ కి ఈ జబ్బు అంటే అస్సలు పడదు, కాబట్టి ఇది అతి జాగ్రత్తేం కాదు.

కొమ్మ ఎంచుకోవడం

సిట్రస్ చిగురు కొత్తగా వచ్చినప్పుడు కాండం కోణాలు కోణాలుగా, పట్టుకుంటే పలకలు తగిలేట్టు ఉంటుంది. ముదిరే కొద్దీ గుండ్రంగా మారుతుంది, ఆ తర్వాత పచ్చరంగు పోయి బూడిద గీతలు పడతాయి. మనక్కావాల్సింది మధ్యలోది, గుండ్రంగా తిరిగింది కానీ ఇంకా పచ్చగానే ఉంది, ఆకులు పూర్తిగా విచ్చుకుని ముదురాకుపచ్చ అయ్యాయి, వంచితే కొద్దిగా వంగి ఆగుతుంది. చిగురు వేసి సుమారు 6 నుంచి 8 వారాలైన కొమ్మ ఇలా ఉంటుంది, వేడి తక్కువుంటే ఇంకా టైమ్ పడుతుంది. మరీ లేతది మిస్ట్ (సన్నటి నీటి తుంపర) కింద కూడా వాడిపోయి కుళ్ళుతుంది, మరీ ముదిరింది వేరుకి బదులు కాలస్ గడ్డలు (కోసిన చోట ఉబ్బే కణజాలం) పెట్టి కూర్చుంటుంది.

పూత, కాయ ఉన్న కొమ్మలు వద్దు. చిగురు అప్పుడే పగులుతున్న కొమ్మ కూడా వద్దు, తిండంతా ఆ చిగురే లాగేస్కుంటుంది. మీకు ప్రతి ఏడూ కటింగ్స్ కావాలంటే ఒకటి రెండు తల్లి మొక్కల్ని కుండీల్లో విడిగా పెట్టి, గట్టిగా ప్రూన్ చేస్తూ ఎప్పుడూ కాపుకి రాకుండా, పొడుగ్గా ఏపుగా రెమ్మలు వేసేట్టు పెంచుకోండి. లేత దశ మొక్క, అంటే గింజ నుంచి వచ్చి ఇంకా పూతకి రాని మొక్క, వేరు పెట్టడంలో కాపు చెట్టు కన్నా ఎప్పుడూ ముందుంటుంది, ముళ్ళు ఎక్కువున్నాయని విసుక్కోకండి, అవి లేత దశకి గుర్తు.

కోసే ముందు రోజు తల్లిమొక్కకి బాగా నీళ్ళు పెట్టి, తెల్లారి ఎండ ఎక్కకముందే కొయ్యాలి, అప్పుడు ఆకులో నీళ్ళు నిండుగా ఉంటాయి. కోసిన వెంటనే తడిగుడ్డలో చుట్టి కవర్ లో పెట్టి నీడలో ఉంచండి. బకెట్ నీళ్ళల్లో గంటలు గంటలు నానబెట్టడం నాకు నచ్చదు, ఒక్క కొమ్మకి తెగులుంటే బకెట్ మొత్తానికి అంటిస్తుంది. అదే రోజు నాటేయండి. తప్పక ఆపాల్సి వస్తే కవర్ లోనే చల్లటి చోట ఒకటి రెండు రోజులు ఉంటాయి.

కటింగ్ తయారీ

పొడుగు 10 నుంచి 15 సెంటీమీటర్లు, లావు పెన్సిల్ కన్నా కాస్త తక్కువ, అంటే 4 నుంచి 6 మిల్లీమీటర్లు, మూడు నాలుగు కణుపులు. కింద కోత కణుపుకి ఇంచుమించు ఆనుకుని ఏటవాలుగా, పైన కోత తిన్నగా పెట్టుకుంటే ఏది తల ఏది కాలు అని తర్వాత అయోమయం ఉండదు, తలకిందులుగా నాటితే వేరు రాదు. కింది సగం ఆకులు తీసెయ్యండి, కానీ చేత్తో కిందికి పీకితే బెరడు చీరి వస్తుంది, కత్తెరతో తొడిమ దగ్గర కత్తిరించండి. మట్టిలోకి వెళ్ళే భాగంలో ముళ్ళు కూడా మొదలంటా కత్తిరించాలి, పక్కనే ఉన్న కన్నుకి (చిగురు వచ్చే మొగ్గకి) దెబ్బ తగలకుండా. పైన రెండు మూడు ఆకులుంచాలి, ఆకు పెద్దదైతే సగానికి అడ్డంగా కోసెయ్యండి, దానివల్ల ట్రేలో గాలి ఆడుతుంది, ఒక ఆకు ఇంకో ఆకుకి అతుక్కుని కుళ్ళదు. ట్రైఫోలియేట్ రకాల ఆకులు ఎలాగూ చిన్నవి, వాటిని కొయ్యాల్సిన పన్లేదు.

కొమ్మ తక్కువుండి మొక్కలు ఎక్కువ కావాలంటే ఒక్క కణుపు కటింగ్ చేస్కోవచ్చు, ఒక కన్ను, ఒక ఆకు, దాని కింద మూడు నాలుగు సెంటీమీటర్ల కాండం. ఒక్క రెమ్మ నుంచి పదికి పైగా వస్తాయి. ఐతే ఆ ఒక్క ఆకు రాలిందా ఇక అంతే, కాబట్టి తేమ బాగా కంట్రోల్ లో ఉన్నవాళ్ళకే ఇది.

మొండి రకాలకి కింది ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల మేర ఒక పక్కన గానీ రెండు పక్కలా గానీ బెరడు పల్చగా గీకండి. లోపలి పచ్చ పొర కనిపించాలి, కట్టె దాకా పోవద్దు. గీకిన చోట హార్మోన్ లోపలికి బాగా దిగుతుంది, వేరు ఒకే పక్కకి గుత్తిగా రాకుండా చుట్టూ వచ్చే ఛాన్స్ పెరుగుతుంది.

హార్మోన్: ఏది, ఎంత

మొక్కలో సహజంగా ఉండే ఆక్సిన్ పేరు ఐఏఏ. అది వెలుతురుకి, మొక్కలోని ఎంజైములకి తొందరగా విరిగిపోతుంది, అందుకే కటింగ్స్ కి వాడరు. 1935 లో బాయ్స్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్ లో జిమ్మర్‌మన్, విల్కాక్సన్ అనే ఇద్దరు ఐబీఏ, ఎన్ఏఏ అనే రెండు రసాయనాలు దాని కన్నా గట్టిగా వేరు పెట్టిస్తాయని చూపించారు, ఈనాటికీ రూటింగ్ పౌడర్ డబ్బా మీద కనిపించేవి ఆ రెండే. సిట్రస్ కి ఐబీఏ ఒక్కటి చాలు. ఎన్ఏఏ డోసు కాస్త ఎక్కువైనా మొక్కని ఇబ్బంది పెడుతుంది, కావాలంటే ఐబీఏ లో సగం మోతాదు కలుపుకోవచ్చు గానీ కొత్తవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

పౌడర్ అయితే డబ్బా మీద శాతం చూడండి. 0.1 శాతం అంటే 1000 పీపీఎం, 0.3 అంటే 3000, 0.8 అంటే 8000. ద్రావణంలో ముంచేదానికన్నా పౌడర్ లోంచి మొక్కలోకి వెళ్ళేది తక్కువ, అందుకే పౌడర్ కి అంకె పెద్దది కావాలి. నేనైతే ఇలా మొదలుపెట్టమంటా:

- నిమ్మ, జంబేరి, రంగపూర్ గుంపు: ద్రావణం 500 నుంచి 1000 పీపీఎం, పౌడర్ అయితే 0.1 శాతం. ఏమీ పెట్టకపోయినా చాలావరకు వస్తాయి, పెడితే వేర్ల సంఖ్య పెరుగుతుంది.
- కారిజో, స్వింగిల్, ట్రైఫోలియేట్, యూఎస్-942: ద్రావణం 1000 నుంచి 3000, పౌడర్ 0.3, కొమ్మ కాస్త ముదిరితే 0.8.
- పుల్ల నారింజ, క్లియోపాత్రా: ద్రావణం 3000 నుంచి 5000, పౌడర్ 0.8, బెరడు గీకడం తప్పనిసరి.

ఇవి మొదలుపెట్టే అంకెలు, మీ కొమ్మ, మీ వేడి, మీ మీడియాని (నాటే మిశ్రమాన్ని) బట్టి మారతాయి. అందుకే మొదటి ట్రే మొత్తం ఒకే డోసుతో నింపకండి, నాలుగు వరుసలుగా చేసి ఒకటి ఉత్తది, ఒకటి 1000, ఒకటి 2000, ఒకటి 3000 పెట్టి లేబుల్ రాస్తే ఆ తర్వాత ఎవర్నీ అడగక్కర్లేదు. ఉత్త వరుస పెట్టడం చాలామంది వేస్ట్ అనుకుంటారు, కానీ అది లేకపోతే వేరు వచ్చింది హార్మోన్ వల్లో కాదో ఎలా తెలుస్తుంది.

ద్రావణం సొంతంగా చేస్కునేవాళ్ళకి లెక్క. 1000 పీపీఎం అంటే లీటరుకి 1 గ్రాము. ఐబీఏ ఉత్త నీళ్ళల్లో కరగదు, ఇథనాల్ లో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లో గానీ కరుగుతుంది. మిల్లీగ్రాములు తూచే కాటా అందరి దగ్గరా ఉండదు కదా, కాబట్టి 1 గ్రాము ఐబీఏ ని 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్ లో కరిగించి పెట్టుకోండి, ఇది 10,000 పీపీఎం స్టాక్. దీంట్లోంచి 30 మిల్లీ తీసి, 20 మిల్లీ ఆల్కహాల్, 50 మిల్లీ నీళ్ళు కలిపితే 100 మిల్లీ 3000 పీపీఎం ద్రావణం. 1000 కావాలంటే స్టాక్ 10 మిల్లీ, ఆల్కహాల్ 40, నీళ్ళు 50. నీళ్ళు మెల్లగా కలపండి, పాలలాగా తెల్లగా అయితే ఐబీఏ విడిపోతున్నట్టు, ఇంకాస్త ఆల్కహాల్ పడాలి. స్టాక్ సీసా ముదురు రంగుది వాడి, మూత గట్టిగా పెట్టి, పేరు రాసి, పిల్లలకి అందకుండా ఫ్రిజ్ లో పెడితే నెలల తరబడి ఉంటుంది. చేతికి గ్లౌజులు, పొడి తూచేటప్పుడు మాస్క్, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఆల్కహాల్ గొడవ వద్దనుకుంటే పొటాషియం ఉప్పు రూపంలో ఉన్న కె-ఐబీఏ దొరుకుతుంది, అది నీళ్ళల్లో నేరుగా కరుగుతుంది, లేత కొమ్మలకి ఇదే మేలు. కాకపోతే దాని అణుభారం ఎక్కువ, 203 కి బదులు 241, కాబట్టి అదే బలం రావాలంటే బరువు 1.19 రెట్లు తీస్కోవాలి, అంటే 300 మిల్లీగ్రాముల ఐబీఏ కి బదులు 357 మిల్లీగ్రాములు.

ముంచడం: అడుగున ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు, 5 నుంచి 10 సెకన్లు, తీసి ఒకటి రెండు నిమిషాలు ఆరనిచ్చి నాటెయ్యడమే. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ వేరు వస్తుందనుకుని నిమిషాలు నిమిషాలు ఉంచితే ఆల్కహాల్ కే కాండం కమిలిపోతుంది. గుత్తిగా పదీ ఇరవై ముంచేటప్పుడు కోసిన చివర్లన్నీ ఒకే లెవెల్ లో ఉండేట్టు తట్టుకోండి. పౌడర్ అయితే చిన్న గిన్నెలోకి కొంచెం పోసుకుని అద్ది, పుల్లని తట్టి ఎక్కువైంది రాల్చండి, మిగిలింది మళ్ళీ డబ్బాలో పొయ్యొద్దు, తడి, బూజు రెండూ డబ్బాలోకి పోతాయి.

డోసు ఎక్కువైతే తెలుస్తుంది: అడుగు ఉబ్బి పగులుతుంది లేదా నల్లబడుతుంది, ఆకులు పసుపెక్కి రాలతాయి, కొన్నిసార్లు వేరు వచ్చినా కన్ను నెలల తరబడి పగలదు. ఆకు రాలిందంటే మనం మొదట్లో అనుకున్న తిండి ఆగిపోయినట్టే, కాబట్టి డౌట్ ఉన్నప్పుడు తక్కువ వైపే ఉండండి.

తేనె, దాల్చినచెక్క పొడి, కలబంద, కొబ్బరినీళ్ళు... ఇవి పెట్టొచ్చా అంటే, తేనెలో, దాల్చినచెక్కలో సూక్ష్మక్రిముల్ని కాస్త అడ్డుకునే గుణం ఉంది గానీ వేరు పెట్టించే ఆక్సిన్ డోసు లేదు. కొబ్బరినీళ్ళల్లో సైటోకైనిన్లు అనే హార్మోన్లు ఉంటాయి, అవి చిగురుకి మంచివే గానీ వేరు మొదలవ్వడానికి మామూలుగా అడ్డం పడతాయి. నిమ్మ గుంపుతో ఇవన్నీ "పనిచేశాయి" అనిపిస్తుంది, ఎందుకంటే అవి ఏమీ పెట్టకపోయినా వస్తాయి.

మీడియా, నాటడం

మీడియాలో గాలి ఉండాలి, తడి ఉండాలి, తెగులు ఉండకూడదు. తోట మట్టి వద్దే వద్దు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళ్ళు) సగం సగం బాగుంటుంది, పీట్ మాస్ పెర్లైట్ అయినా సరే, మిస్ట్ ఎక్కువ పడే చోట పెర్లైట్ ఇంకా పెంచుకోండి. ఏదీ లేకపోతే కడిగిన గరుకు ఇసుక. కోకోపీట్ లో ఉప్పు ఉంటుంది, మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి పిండాలి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. గుప్పిట్లో తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే మరీ తడి. ఎరువు ఇప్పుడే కలపొద్దు, వేరు లేనిదానికి ఎరువు దేనికి.

ట్రే లోతుగా ఉండాలి, కనీసం 8 నుంచి 10 సెంటీమీటర్లు, లోతు తక్కువ ట్రేలో అడుగు భాగం ఎప్పుడూ నీళ్ళతో నిండి ఉంటుంది, కటింగ్ చివర సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ముందు పుల్లతో గుంట చేసి, అందులో కటింగ్ పెట్టి, రెండు వేళ్ళతో పక్కల నుంచి నొక్కాలి. నేరుగా గుచ్చితే పూసిన పౌడరంతా పైనే తుడుచుకుపోతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు చాలు. ప్రతి ట్రేకి రకం పేరు, తేదీ, డోసు రాసిన లేబుల్ పెట్టండి, ట్రైఫోలియేట్ సంకరాలన్నీ అవే మూడాకులు, అవే ముళ్ళు, ఒకసారి కలిసిపోతే కళ్ళతో చూసి విడదీయడం దాదాపు అసాధ్యం.

తేమ, వేడి, వెలుతురు

ఇక ఆకుని కాపాడే అసలు డ్యూటీ. వేరు లేని కొమ్మ నీళ్ళు తాగలేదు, ఆకు మాత్రం ఆవిరి వదుల్తూనే ఉంటుంది, కాబట్టి చుట్టూ గాలిలో తేమ 85, 90 శాతం దాకా ఉంచాలి. మిస్ట్ సిస్టం ఉంటే పగటిపూట 5 నుంచి 10 నిమిషాలకి ఒకసారి 5 నుంచి 10 సెకన్లు, మబ్బు రోజుల్లో తగ్గించి, రాత్రి ఆపెయ్యొచ్చు. ఆకు మీద సన్నటి తడి పొర నిలవాలి, అది ఆరబోయే లోపు మళ్ళీ మిస్ట్ పడాలి, అంతకన్నా ఎక్కువ ఇస్తే మీడియా చిత్తడి అయ్యి వేరుకి గాలి ఆడదు.

మిస్ట్ లేనివాళ్ళు దిగులు పడక్కర్లేదు. మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, లేదా కుండీ మీద తీగ వంచి పెట్టి కప్పిన పాలిథీన్ కవర్, ఒకటి రెండు కటింగ్స్ కి అయితే అడుగు కోసిన పెద్ద వాటర్ బాటిల్ కూడా చాలు. ఒకసారి నీళ్ళిచ్చి మూసేస్తే లోపల గోడల మీద ఆవిరి పడుతూ ఉంటుంది, మొదటి రెండు వారాలు ఊరికే తెరిచి తెరిచి చూడొద్దు. వారానికి రెండుసార్లు కాసేపు తెరిచి గాలి మార్చి, రాలిన ఆకులుంటే ఏరెయ్యండి, బూజు మొదలయ్యేది వాటి మీదే.

ఈ మూసిన డబ్బాని పొరపాటున కూడా నేరుగా ఎండలో పెట్టొద్దు, కాసేపట్లోనే లోపల ఉడికిపోతాయి. 50 నుంచి 70 శాతం షేడ్ నెట్ కింద గానీ, ఎండ నేరుగా పడని వెలుతురున్న కిటికీ దగ్గర గానీ పెట్టండి. అలాగని చీకటి మూల కూడా పనికిరాదు, ఆకు తిండి వండాలంటే వెలుతురు కావాలి.

వేడి విషయంలో కింద వెచ్చగా, పైన కాస్త చల్లగా ఉండటం బెస్ట్. మీడియా 25 నుంచి 28 డిగ్రీలు, గాలి అంతకన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ. మీడియా 20 డిగ్రీల కిందికి పోతే పని చాలా నెమ్మదిస్తుంది, చల్లటి కాలంలో చేసేవాళ్ళు ట్రే కింద థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ పెట్టుకోవాల్సిందే. డబ్బా లోపల 35 దాటితే ఆకులు రాలడం మొదలవుతుంది.

ట్రైఫోలియేట్ రకాలకి ఇంకో మెలిక ఉంది, పగలు చిన్నదయ్యే కాలంలో అవి నిద్రలోకి జారుకుంటాయి, ట్రైఫోలియేట్ అయితే ఆకు కూడా రాలుస్తుంది. అప్పుడు పెట్టిన కటింగ్స్ కి వేరు వచ్చినా కన్ను మాత్రం పగలకుండా అలాగే ఉండిపోతాయి. ఎల్ఈడీ లైటుతో వెలుతురు రోజుకి 16 గంటలు అయ్యేట్టు చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, లేదా పగలు పొడుగ్గా ఉండే కాలంలోనే పెట్టుకోండి.

ఎన్నాళ్ళు ఆగాలి, ఏం చూడాలి

రెండు వారాలకి అడుగున తెల్లటి కాలస్ కనిపిస్తుంది. అది వేరు కాదు, వేరుకి గ్యారంటీ కూడా కాదు, వేరు లేకుండా గోళీకాయంత కాలస్ పెట్టుకుని కూర్చునే కటింగ్స్ ఉంటాయి, ముదురు కొమ్మల్లో ఇది మామూలే. అలాంటిది ఆకు పచ్చగా ఉంటే కాలస్ పైపొర కొద్దిగా గీకి మళ్ళీ తక్కువ డోసులో ముంచి నాటి చూడొచ్చు. నిమ్మ గుంపు మూడు నుంచి ఐదు వారాల్లో, కారిజో గుంపు ఐదు నుంచి ఎనిమిది వారాల్లో వేరు పెడతాయి, మొండివాటికి మూడు నెలలైనా ఆశ వదులుకోకండి, ఆకు పచ్చగా గట్టిగా ఉన్నంతవరకు లోపల పని జరుగుతున్నట్టే. పైన చిగురు వచ్చింది కదా అని వేరు వచ్చేసిందనుకోవద్దు, దాచుకున్న తిండితో కూడా చిగురు వస్తుంది. మెల్లగా పైకి లాగితే పట్టు తెలియాలి, ట్రే అడుగు రంధ్రాల్లోంచి తెల్లటి కొసలు కనిపించాలి.

అడుగు నుంచి నల్లగా మెత్తగా కుళ్ళు పైకి పాకుతుంటే తడి ఎక్కువైంది లేదా ఫైటోఫ్తోరా, పిథియం, రైజోక్టోనియా లాంటి కుళ్ళు తెగుళ్ళు వచ్చాయి. అది తీసి పారేసి, తడి తగ్గించి, గాలి పెంచండి. ముందు జాగ్రత్తగా కొందరు నాటే ముందు క్యాప్టాన్ లాంటి శిలీంధ్రనాశనిలో ముంచుతారు, లేబుల్ మీద ఉన్న మోతాదు ప్రకారమే వాడండి. కొత్త ట్రే, కొత్త మీడియా, కడిగిన చేతులు ఉంటే చాలాసార్లు దాని అవసరమే రాదు.

బయట గాలికి అలవాటు చెయ్యడం

ఇన్ని వారాలు ఆవిరిలో ఉన్న మొక్కని ఒక్కసారిగా బయట పెడితే ఒక్క మధ్యాహ్నంలో వాడిపోతుంది, వేరు వచ్చాక కూడా చాలామొక్కలు పోయేది ఇక్కడే. వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు అయ్యాక మిస్ట్ మధ్య గ్యాప్ రోజురోజుకీ పెంచండి, డబ్బా అయితే మొదటి రోజు గంట, తర్వాత రెండు గంటలు, అలా 10 నుంచి 14 రోజుల్లో పూర్తిగా తెరిచెయ్యండి. ఆకు సాయంత్రానికి కొద్దిగా వాలి పొద్దున్నకి లేస్తుంటే పర్లేదు, పొద్దున కూడా వాలే ఉంటే మీరు తొందరపడుతున్నారు.

తర్వాత ఒక్కో మొక్కని లోతైన, నీళ్ళు నిలవని సంచిలోకి గానీ ట్యూబ్ కుండీలోకి గానీ మార్చండి, కొత్త వేరు గాజుపుల్లలా పుటుక్కుమంటుంది కాబట్టి మీడియాతో సహా ఎత్తండి. ఒకటి రెండు వేర్లు ఒకే పక్కకి ఉన్నవాటిని, నాకైతే, ఏరి పక్కన పెట్టడమే ఇష్టం, చుట్టూ మూడు నాలుగు వేర్లున్న మొక్కే రేపు చెట్టుని నిలబెడుతుంది. కటింగ్ మొక్కకి గింజ మొక్కలాగా తల్లివేరు ఉండదు, మొదట్నుంచీ పక్క వేర్లే ఎక్కువ. దీనివల్ల చెట్టు పడిపోతుందని భయపడేవాళ్ళున్నారు, కానీ కుండీల్లో పెంచే గింజ మొక్కలకి కూడా మార్చేటప్పుడు తల్లివేరు తెగడమో, అడుగు తగిలి ఆగడమో మామూలే. గాలి ఎక్కువుండే చోట మొదటి రెండేళ్ళు కర్ర ఊతం కట్టండి చాలు.

ఎరువు ఇప్పుడు మొదలు. మార్చిన రెండు వారాలకి సూక్ష్మపోషకాలున్న నీటి ఎరువు, లేబుల్ మీద చెప్పిన దాంట్లో పావు వంతు మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు, నీళ్ళల్లో సున్నం ఎక్కువుండే చోట ట్రైఫోలియేట్ రకాలకి ఇది తరచూ వస్తుంది, చీలేటెడ్ ఐరన్ ఇచ్చి పీహెచ్ సంగతి చూడండి. కొత్త చిగురు మీద వెండి గీతల్లా వంకర టింకర దారులు కనిపిస్తే ఆకు తొలిచే పురుగు, చిన్న మొక్కల్ని బాగా వెనక్కి లాగుతుంది, నెట్ లోపల పెంచితే దీంతో పాటు గ్రీనింగ్ మోసే సిల్లిడ్ పురుగు కూడా దూరంగా ఉంటుంది.

రెండు మూడు చిగుళ్ళు వస్తే నిటారుగా ఉన్నది ఒక్కటి ఉంచి మిగతావి గిల్లెయ్యండి, సన్నటి కర్రకి కట్టి తిన్నగా పెంచండి. అంటు కట్టే చోట, అంటే మట్టి నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో, కింది ముళ్ళు, పక్క రెమ్మలు లేతగా ఉన్నప్పుడే తీసేస్తూ ఉంటే కాండం నున్నగా ఉంటుంది. అక్కడ లావు 6 నుంచి 8 మిల్లీమీటర్లకి వచ్చి, కత్తి గాటు పెట్టగానే బెరడు తేలిగ్గా లేస్తుంటే కన్ను అంటుకి రెడీ. బెరడు అతుక్కుని ఉంటే వారం ముందు నుంచి నీళ్ళు బాగా ఇచ్చి మళ్ళీ చూడండి, అప్పటికీ లేవకపోతే బెరడు లేవాల్సిన పన్లేని చిప్ బడ్డింగ్ చేసెయ్యండి.